సీసాలో గుండె

ఆ ఏడు సెప్టెంబరులో మా ఊరంతా నెత్తురు పీల్చేవాళ్లకు భయపడుతుంటే నేను పొద్దున పదకొండు గంటలకు భయపడేదాన్ని. పదకొండు కొట్టేసరికి నా అయిదో తరగతి నిద్రలోకి జారుకునేది. నూట పద్దెనిమిది మంది పిల్లలు, ఒక్కటే గది, పైన రేకులు. సగం మంది పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లే. ములాంజే కొండ మీంచి దిగే గాలి కూడా వానలకు ముందు ఆ రెండు నెలలూ వేడిగానే ఉంటుంది. ముందు వెనక వరసలో తలలు వాలేవి, తర్వాత మధ్య వరసలో. చివరికి నా ఎదురుగా కూర్చునే ఎనెలెసి కూడా చెంపకు చెయ్యి ఆనించుకుని, నన్నే చూస్తున్నట్టు కళ్లు తెరిచి పెట్టి నిద్రపోయేది.

క్లాసు నిద్రపోవడం నాకు చెంపదెబ్బ తిన్నంత అవమానం. సుద్దముక్క తప్ప పైవాళ్లు ఏమీ ఇవ్వలేదని పొద్దస్తమానం ఏడ్చే టీచర్లంటే చిరాకు. నేను సీసా మూతలతో భిన్నాలు చెప్పాను. ఎరువుల బస్తా విప్పి పరిచి, బొగ్గుతో దేశపటం గీసి గోడకు వేలాడదీశాను. కందిగింజలతో కూడికలు చెప్పాను. పిల్లలు ఆ గింజలు నమిలేస్తే, మిగిలినవాటితో తీసివేతలు చెప్పాను. చుట్టుపక్కల బళ్ల నుంచి టీచర్లు చూడటానికి వచ్చేవారు. నాకు దాని వల్ల కాస్త తలకెక్కింది కూడా, దాచడం ఎందుకు.

నా సామగ్రి సగం వైసన్ చేతిలోంచి వచ్చేది. వైసన్ నా భర్త. మా వైపు పెళ్లయ్యాక మగవాడే ఆడదాని ఊరికి వచ్చి కాపురం పెడతాడు. అలా ఎక్కడో దూరాన ఉన్న డెడ్జా నుంచి ఆరేళ్ల కిందట వచ్చి, రోడ్డు పక్కన సైకిళ్లు బాగుచేసే పని పెట్టుకున్నాడు. పాత ట్యూబులు, చువ్వలు, బేరింగు గుండ్లు ఏవి పారేయబోయినా ముందు నాకు చూపించేవాడు. ఊరి వాళ్ల సైకిళ్లన్నీ అతని చేతి మీదే నడిచేవి. అయినా వాళ్లకు అతను 'డెడ్జా వాడే'. పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ.

నెత్తురు పీల్చేవాళ్ల మాట సంతలోంచి వచ్చింది. సరిహద్దు అవతల నుంచి ఎవరో వచ్చారట. వాళ్ల చేతిలో టార్చి లాంటిదేదో ఉందట. ఆ వెలుగు మీద పడితే మనిషి మొద్దులా నిద్రపోతాడట. లేచేసరికి ఒంట్లో నెత్తురు సగం ఉండదట. చూసినవాళ్లు లేరు. చూసినవాళ్లను చూసినవాళ్లు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. మగవాళ్లు వంతులు వేసుకుని కాపలా తిరగడం మొదలుపెట్టారు. కొత్త ముఖం కనిపిస్తే నదీ వంతెన దగ్గర ఆపి ప్రశ్నలు వేసేవారు. పక్క ఊళ్లో ప్రశ్నలు అడగకుండానే ఒకతన్ని కొట్టారని విన్నాం.

సరిగ్గా ఆ వారం సైన్సు పుస్తకంలో గుండె పాఠం వచ్చింది.

దాటేసి ముందుకు పోవచ్చు. ఆ ఆలోచనే నాకు రాలేదు. పైగా నెత్తురు అంటే ఏమిటో, అది ఒంట్లో ఎటు నుంచి ఎటు పోతుందో కళ్లారా చూస్తే పిల్లల్లో ఈ పిచ్చి భయం పోతుందనుకున్నాను. ఎనిమిది మందికి ఒక పుస్తకం. ఆ పుస్తకంలో గుండె బొమ్మ అరిగిపోయి వంకాయలా కనిపిస్తోంది. దాంతో ఎవరి భయం పోతుంది?

"నాకో గుండె కావాలి," అన్నాను వైసన్‌తో.

"నాది ఇచ్చేసి ఆరేళ్లయింది కదా టీచరమ్మా. పోగొట్టావా?" అన్నాడు.

రెండు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, సైకిల్ ట్యూబు ముక్కలు, జిగురు. సీసాల మధ్య గొట్టంలో ఒకవైపే తెరుచుకునే చిన్న రబ్బరు తలుపు పెట్టాడు. మొదటి సీసా నొక్కితే నీళ్లు రెండో దాంట్లోకి పోవాలి, మళ్లీ వెనక్కి రాకూడదు. మూడుసార్లు కారింది. "మీ గుండెకి పంక్చరు పడిందమ్మా, పక్కన కూర్చోండి, పది నిమిషాలు," అంటూ నన్ను నవ్వించాడు. ఎర్ర గోంగూర కాయలు మా పెరట్లోనే ఉన్నాయి. వాటిని ఉడకబెట్టి చక్కెర వేసి తాగుతాం. ఆ నీళ్లు సీసాలో పోస్తే మంచి ముదురు ఎరుపు.

మంగళవారం ఆ పాఠం చెప్పాను. అలాంటి పాఠం నేను అంతకు ముందు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

ఎనెలెసిని పిలిచి సీసా నొక్కమన్నాను. ఎర్రనీళ్లు బుడుక్కుమని గొట్టంలోకి దూకాయి. నూట పద్దెనిమిది మంది ఒక్కసారే లేచి నిలబడ్డారు. "నేను, మేడం! నేను!" అంటూ బల్లలు ఎక్కేశారు. రబ్బరు తలుపు టప్‌మని మూసుకున్నప్పుడల్లా క్లాసంతా "టప్!" అని అరిచింది. పక్క గదిలోంచి నాలుగో తరగతి పిల్లలు కిటికీకి వేలాడారు.

"మేడం, అందరి గుండెలోనూ గోంగూరేనా?" అని అడిగాడు వెనక వరస వాడొకడు.

"నీ గుండెలో మాత్రం బెల్లం పాకం. అందుకే అంత నెమ్మదిగా లేస్తావు," అన్నాను. నవ్వి నవ్వి దొర్లారు.

మిగిలిన గోంగూర నీళ్లు సీసా మూతతో తలా ఒక మూతెడు పోశాను. తర్వాత నాడి చూడటం నేర్పాను. గడియారాలు లేవు కాబట్టి దానికీ ఒక ఉపాయం ఉంది. మీటరు పొడవు తాడుకు రాయి కట్టి వేలాడదీస్తే, అది అటు నుంచి ఇటు రావడానికి ఒక సెకను పడుతుంది. అరవై ఊపులు లెక్కపెడితే నిమిషం. పదకొండు ఎప్పుడు దాటిందో ఎవరూ గమనించలేదు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

ఆ సంతోషంలో నేను ఇంటిపని ఇచ్చాను.

"రేపటికి ఇంట్లో ముగ్గురి నాడి లెక్కపెట్టుకు రండి. పేరు, వయసు, ఎదురుగా లెక్క. ముసలివాళ్లది ఒకటి తప్పకుండా ఉండాలి."

ఈ మాటలు నేను ఇప్పటికీ మనసులో తిప్పి తిప్పి వింటుంటాను. ఒక్క సాయంత్రం, పొద్దు కుంకే వేళ, నూట పద్దెనిమిది ఇళ్లలో ఒక పిల్లో పిల్లాడో గుమ్మానికి రాయి వేలాడదీసి ఊపారు. అమ్మమ్మ మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. తర్వాత ఆవిడ పేరు కాగితం మీద రాసుకున్నారు. ఎందుకురా అంటే, నెత్తురు ఎంత జోరుగా పోతోందో మా మేడంకి కావాలి అన్నారు. ఇవాళ బళ్లో ఏం చేశారు అంటే, సీసాలోంచి ఎర్రగా ఉన్నది తాగాం అన్నారు.

మర్నాడు ముప్పై ఒక్క మంది వచ్చారు.

ఎనెలెసి వచ్చింది. కుడి చెంప వాచి ఉంది. "అమ్మమ్మ కొట్టింది మేడం. కాగితం పొయ్యిలో పడేసింది. కానీ లెక్క నాకు గుర్తుంది. ఎనభై ఆరు," అంది. మంచిదమ్మా, కూర్చో అన్నాను.

హెడ్మాస్టరు లికోంగ్వే గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు మూశారు. ఆయన చొక్కా వీపు మీద తడిసిపోయి ఉంది.

"మేడం, చెప్పడానికి ఇంకేం దొరకలేదా? మొక్కలున్నాయిగా. వేరు, కాండం, ఆకు. ఎవరికీ బాధ లేదు!"

"ఈ వారం సిలబస్‌లో గుండే ఉంది సార్."

"సిలబస్ రాసినవాళ్లు వచ్చి మన ముందు నిలబడి రాళ్లదెబ్బలు తింటారా? పొద్దున నలుగురు వచ్చి వెళ్లారు. ఆ పేర్ల జాబితా ఎక్కడ, ఎవరికి పంపారు అని అడిగారు."

"ఏ పేర్ల జాబితా?"

"ఇంకా ఏ జాబితా అంటారేంటమ్మా! ఊళ్లో ఎవరి ఒంట్లో ఎంత నెత్తురుందో రాయించిన జాబితా!"

నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. ఆయన నవ్వలేదు.

సాయంత్రం బోరింగు దగ్గర నా వంతు వచ్చినప్పుడు హ్యాండిల్ కొట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేనే కొట్టుకుని, నేనే నింపుకున్నాను. బకెట్టు తలకెత్తుకుంటుంటే వెనక నుంచి ఒకావిడ అంది, "ఎవరి నెత్తురు చిక్కగా ఉందో తేలిందా టీచరమ్మా? మా ఆయనది పల్చనేలే. వదిలేయ్." ఎవరూ నవ్వలేదు. ఇంతకు ముందు ఆ బోరింగు దగ్గర నవ్వకుండా ఒక్క బకెట్టూ నిండేది కాదు.

అమ్మ మా పక్కింట్లోనే ఉంటుంది. రోజూ లాగే మొక్కజొన్న సంకటి, కంది కూర గిన్నెలో పెట్టి తీసుకెళ్లాను. చెయ్యి చాచమన్నాను, నీళ్లు పోయడానికి. అమ్మ రెండు చేతులూ చీర కొంగులా కప్పుకున్న గుడ్డలోకి లాక్కుంది.

"అక్కడ పెట్టు. నేను కడుక్కుంటాలే," అంది.

"అమ్మా! నేనే కదా."

"నువ్వేలే. అక్కడ పెట్టు."

కన్నతల్లి నాకు భయపడుతోంది. అప్పటి దాకా మనుషుల మాటలకు భయపడ్డాను, ఆ క్షణం నుంచి మనుషులకే భయం పుట్టింది. గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను. చీకటి పడకముందే మా రేకుల మీద మొదటి రాయి పడింది. తర్వాత ఇంకొకటి. వైసన్ తలుపుకి సైకిల్ అడ్డం పెట్టి, నా పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్కో రాయి పడినప్పుడల్లా "ఒకటి... రెండు..." అని మెల్లగా లెక్కపెట్టాడు, నన్ను నవ్వించాలని. తొమ్మిది దాకా వచ్చింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ముహివా మామయ్య వచ్చాడు. అమ్మకు అన్న. మా కుటుంబంలో ఆడవాళ్ల మంచీ చెడ్డా అతనే చూడాలి, అతని మాటే మాట. వైసన్ పెరట్లో ముఖం కడుక్కుంటున్నాడు. మామయ్య టీ వద్దన్నాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"పది గంటలకి ఊరిపెద్ద ముందు కూర్చోవాలి. చుట్టుపక్కల మూడు ఊళ్లూ వస్తున్నాయి," అన్నాడు.

"రానీ మామయ్యా. సీసాలు తెచ్చి చూపిస్తాను. అయిదో తరగతి పిల్లలకి అర్థమైంది, పెద్దవాళ్లకి అర్థం కాదా?"

"పిచ్చిదానా. వాళ్లు నేర్చుకోడానికి రావట్లేదు, పట్టుకోడానికి వస్తున్నారు. ఎవరినో ఒకరిని చూపిస్తే తప్ప వెనక్కి పోరు." గొంతు తగ్గించాడు. "ఆ సీసాలు ఎవరు చేశారు?"

నేను పెరటి వైపు చూశాను.

"మన పిల్లవి నువ్వు. మన నెత్తురువి. అతను అల్లుడు. పిల్లా జెల్లా కూడా లేరు మీకు. సైకిల్ మీద వచ్చాడు, సైకిల్ మీద పోతాడు. చంపనివ్వను, ఆ పూచీ నాది. నేను ఒక్క మాట చెప్తాను. నువ్వు నోరు తెరవకు, అంతే. నోరు తెరిచావో, నిన్నూ మీ అమ్మనీ ఇంట్లో పెట్టి తగలేస్తారు."

నేను సరే అనలేదు. కాదనీ అనలేదు. మామయ్య నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. తల మీద ఆ చెయ్యి చాలా బరువుగా అనిపించింది.

వైసన్ లోపలికి వచ్చి, "ఏమంటాడు పెద్దాయన?" అన్నాడు.

"పది గంటలకి రమ్మన్నాడు," అన్నాను.

అంతే చెప్పాను. మిగతాది చెప్పడానికి నాకు రెండు గంటల సమయం ఉంది. ఆ రెండు గంటలూ వైసన్ సీసాలు తోమాడు, గొట్టానికి కొత్త జిగురు రాశాడు, గోంగూర కాయలు మళ్లీ ఉడకబెట్టాడు. ఈల వేస్తూనే ఉన్నాడు. "పిల్లలకి చెప్పినట్టే చెప్పు. ముందు ఊరిపెద్ద నాచుమా పెద్దమ్మ చేత సీసా నొక్కించు. తనే నొక్కింది అనుకో, ఇక ఆవిడ నీ పక్షమే. తర్వాత నేను తాగుతాను. నువ్వు కూడా ఓ గుక్క తాగు. అయిపోయింది," అన్నాడు. నేను తల ఊపాను. అతను చెప్పిన పద్ధతి మంచిదే. ఒక టీచరుగా నేనూ అదే పద్ధతి ఎంచుకునేదాన్ని.

ఊరిపెద్ద నాచుమా ఇంటి ముందు మైదానంలో ఆరేడు వందల మంది ఉన్నారు. ఇంత మంది నా ముందు కూర్చోవడం అదే మొదటిసారి. ఒక్కరి కళ్లూ వాలడం లేదు. మగవాళ్ల చేతుల్లో చెరకు నరికే కత్తులున్నాయి. ఆడవాళ్లు నడుముకు చుట్టుకున్న గుడ్డల మడతల్లో రాళ్లు మూటగట్టుకుని కూర్చున్నారు. అందులో సగం మంది పిల్లలకు అక్షరాలు దిద్దించింది నేనే. హెడ్మాస్టరు గారు రాలేదు, కడుపునొప్పి అని కబురు పంపారు.

నాచుమా అరవై దాటిన మనిషి. చెడ్డది కాదు. ఆవిడ కూడా చెమటలు తుడుచుకుంటోంది. వైసన్ సీసాలున్న సంచీ తీసుకెళ్లి ఆవిడ ముందు చాప మీద పెట్టాడు. ఎర్రనీళ్లు కనబడగానే ముందు వరస వాళ్లు పాము కనబడినట్టు వెనక్కి జరిగారు. అతను వచ్చి నా పక్కన నిలబడి, మోచేత్తో మెల్లగా పొడిచాడు. మొదలుపెట్టు అని.

"ఈ సీసాలు ఎవరివి?" అని అడిగింది నాచుమా.

మామయ్య టోపీ తీసి లేచాడు. "పెద్దమ్మా, అల్లుడివి. అతనే చేశాడు, అతనే నింపాడు. మా పిల్ల చదువు చెప్పుకునేది. చేతికిచ్చింది తీసుకెళ్లి బళ్లో పెట్టింది. అందులో ఏముందో దానికేం తెలుసు?"

జనంలో పెద్ద హోరు లేచింది. నాచుమా చెయ్యెత్తింది.

"స్టెలియా. మీ మామ చెప్పింది నిజమేనా?"

నాకు చెప్పవలసిన మాట తెలుసు. గోంగూర నీళ్లు పెద్దమ్మా, పాఠం నాది, ఇంటిపని నాది, ఇతను నేను అడిగింది చేసిపెట్టాడు అంతే. రోజూ ఏడు గంటలు మాట్లాడే నోరు నాది. ముందు వరసలో ఒకామె తన గుడ్డ మడత విప్పడం చూశాను. ఆమె కొడుకు నా క్లాసులో మూడో బల్ల మీద కూర్చుంటాడు.

జనం వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది. "అది గోంగూర! చక్కెర వేసిన గోంగూర! మేం తాగాం!" ఎనెలెసి గొంతు. వెంటనే ఎవరో నోరు నొక్కేశారు.

"స్టెలియా," అంది నాచుమా మళ్లీ.

వైసన్ నా వైపు తిరిగి చూస్తున్నాడని పక్కనుంచి తెలుస్తూనే ఉంది. నేను తల దించుకుని చాప అంచు చూశాను.

అప్పుడు అతను మామూలు గొంతుతో, చక్రం ఎవరిదని అడిగితే చెప్పినట్టు, "నావే పెద్దమ్మా," అన్నాడు.

పొద్దు కొండ వెనక్కి పోకముందే ఊరు వదలాలని తీర్పు చెప్పారు. మామయ్య పూచీ నిలబెట్టుకున్నాడు, మైదానంలో అతని మీద చెయ్యి పడనివ్వలేదు. ఎవరో కర్రతో సీసాలు చితక్కొట్టారు. ఇంటికొచ్చి వైసన్ తన పానాలు, పంపు, రెండు చొక్కాలు సైకిల్ వెనక కట్టుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఏదన్నా అంటాడేమో, తిడతాడేమో అని చూశాను. "పెరట్లో పొయ్యి ఇంకా మండుతోంది, ఆర్పు," అన్నాడు. తెడ్డు పెట్టి నేలను నెడుతున్నట్టు ఒక కాలితో నెట్టుకుంటూ సైకిలెక్కి వెళ్లిపోయాడు. రోడ్డు పొడుగునా ఇళ్లలోంచి మనుషులు బయటికొచ్చి, అతని చేత బాగుచేయించుకున్న సైకిళ్ల పక్కన నిలబడి చూశారు.

ఆ తర్వాత అయిదు రోజులు నేను ఎలా బతికానో చెప్పలేను. వంతెన దగ్గర కాపలా ఉంది. అది దాటితేనే బస్సు రోడ్డు. అతని ఫోను మోగడం లేదు. రెండో రోజు వంతెన దగ్గర ఎవరినో పట్టుకున్నారని విన్నాను. మూడో రోజు ఎవరినో తగలేశారని విన్నాను. ఎవరిని అని అడగాలి. అడిగితే, దీనికెందుకు అంత బాధ అంటారు. అడగలేదు. ఎవరైనా నవ్వుతూ కనిపిస్తే భయం, మాట్లాడుతూ మాట్లాడుతూ నన్ను చూసి ఆపితే భయం. సంకటి కలుపుతుంటే పొగ వాసన తగిలి పొయ్యి ఆర్పేశాను. రేకుల మీద రాళ్లు మాత్రం ఆగిపోయాయి. అమ్మ మళ్లీ నా చేత్తో నీళ్లు పోయించుకుని చేతులు కడుక్కుంది. "పీడ పోయింది," అంది, నా చెంప నిమురుతూ. నేను ఆ చెయ్యి తోసేయలేదు.

ఆరో రోజు ఎవరో నర్సు ఫోను చేసింది. "మీ ఆయన మా దగ్గరున్నాడు. ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది. ప్రాణానికి భయం లేదు. వాళ్లమ్మ దగ్గరికి డెడ్జా వెళ్తానంటున్నాడు. మాట్లాడతారా?" అంది. ఇవ్వమన్నాను. ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది. తర్వాత ఊపిరి. "బాగానే ఉన్నా," అన్నాడు. అంతలోనే ఫోను ఆగిపోయింది. ఫోనులో డబ్బులు అయిపోయాయో, తనే పెట్టేశాడో.

నవంబరు చివర్లో వానలు పడ్డాయి. మనుషులు పొలాల్లోకి దిగారు. రాత్రుళ్లు కాపలా తిరిగితే పగలు పొలం పని సాగదు. మా వైపు నాగలి లేదు, పారే. పార పట్టాలంటే నిద్ర కావాలి. నెత్తురు పీల్చేవాళ్లు ఎప్పుడు పోయారో ఎవరూ చెప్పలేరు, వచ్చినప్పుడు చెప్పినంత గట్టిగా. పిల్లలు ఒక్కొక్కరే బడికి తిరిగొచ్చారు. నేను సుద్దముక్కతో వేరు, కాండం, ఆకు చెప్పాను. పదకొండుకు తలలు వాలితే వాలనిచ్చాను. ఎనెలెసి ఒకసారి చెయ్యెత్తి, "మేడం, గుండె పాఠం మిగతాది ఎప్పుడు?" అని అడిగింది. అయిపోయిందమ్మా అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, చెయ్యి దించేసింది.

సైకిళ్లు బురదలో విరిగిపోవడం మొదలయ్యాక ఊరికి వైసన్ గుర్తొచ్చాడు. "ఏడమ్మా మీ ఆయన, పండక్కి వస్తాడా?" అని దారిలో ఆపి అడిగేవారు, అతను ఏదో చుట్టపుచూపుకి వెళ్లినట్టు. బోరింగు దగ్గర మళ్లీ నా కోసం హ్యాండిల్ కొట్టారు. చివరికి మామయ్యే వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు, టీ తాగాడు.

"వెళ్లి తీసుకురా అమ్మా. గొడవ సద్దుమణిగింది. మంచివాడు. ఎవరికీ అతని మీద కోపం లేదు," అన్నాడు.

క్రిస్మస్ సెలవుల్లో వెళ్లాను. డెడ్జాలో చలి. వాళ్లమ్మ నన్ను చూసి లేచి, ఉడకబెట్టిన ఆలుగడ్డలు పళ్లెంలో పెట్టి, పెరట్లోకి వెళ్లిపోయింది. వైసన్ ఇంటి ముందు ఎవరిదో చక్రం సరిచేస్తున్నాడు. ఎడమ చెయ్యి మోచేతి కింద వంకరగా అతుక్కుంది. చువ్వ బిగించడానికి చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నిజమైన నవ్వే.

దారిపొడుగునా నేర్చుకున్న మాటలన్నీ చెప్పాను. ఊరు మారిందన్నాను. మామయ్యే పంపాడన్నాను. అందరూ అడుగుతున్నారన్నాను. కాపలా తీసేశారు, వంతెన దగ్గర ఎవరూ ఉండరు, ఎవరైనా ఒక్క మాటంటే ఈసారి నేను ఊరుకోనన్నాను.

"వాళ్లంటే నాకు భయం లేదు," అన్నాడు. "కోపం కూడా లేదు. పాపం, వాళ్లకి భయం వేసింది, కొట్టారు."

"మరి రా."

అతను చక్రం ఒకసారి తిప్పి, వంకర ఎక్కడుందో చూశాడు.

"ఆ సీసాలో ఏముందో వాళ్లకి తెలీదు స్టెలియా. నీకు తెలుసు."

ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని.